తూకం అయిపోయిందని చెప్పండి

అన్నయ్యగారికి,

మిమ్మల్ని ఇలా పిలవడం ఇదే మొదటిసారి. బాక్సింగ్‌లో మిడిల్‌వెయిట్ బెల్టు కోసం మీరూ మా ఆయనా మూడుసార్లు తలపడ్డారు. రెండుసార్లు ఆయన గెలిచారు, చివరిసారి మీరు. మూడుసార్లూ మీ చేతులు పడిపోవాలని శాపనార్థాలు పెట్టినదాన్ని నేను.

దెబ్బలకు ఆయన మెదడు చెడిపోయిందని డాక్టర్లు తేల్చేశారు. అవి మీ దెబ్బలేనని పోట్లాడే ఓపిక ఇప్పుడు నాకు లేదు. ఆయన నన్ను కూడా గుర్తుపట్టరు. రేపు మీతో నాలుగో పోటీ ఉందని మాత్రం రోజూ అంటారు. పోటీ ముందు రోజు తూకంలో బరువు హద్దు దాటకూడదని బాక్సర్లు కడుపు మాడ్చుకోవడం మీకు తెలియంది కాదు. మూడు వారాలుగా ఈయన రెండు ముద్దలకు మించి ముట్టడం లేదు. ఒకప్పుడు డెబ్బై రెండున్నర కిలోలతో రింగులోకి దిగిన మనిషి నలభై తొమ్మిదికి వచ్చారు. కాటా ఎక్కించి ముల్లు చూపించినా, "ఇంకో అరకిలో తగ్గాలి, లేకపోతే వాడు నవ్వుతాడు" అని పళ్లెం తోసేస్తారు.

తూకం అయిపోయిందని నేను చెప్పాను. డాక్టరు చెప్పాడు. మా అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. "వాడొచ్చాడా?" అని అడుగుతారు, అంతే.

ఒక్కసారి వచ్చి ఆ మాట మీరు చెప్పండి. మీరు చెబితే తింటారేమో.

ఆయన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకోకండి. భుజం మీద చెయ్యి వేయకండి. వెనకటిలాగే మీదమీదకు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టండి. మెత్తగా మాట్లాడితే మిమ్మల్ని కూడా గుర్తుపట్టరు.

మీ చెల్లెలు