నాన్నగారి ఫిర్యాదు

నాన్నగారికి నమస్కారాలు. నా ఫోను ఎత్తడం మానేశారు కాబట్టి కార్డు రాస్తున్నాను.

సోమవారం మీరు మా ఆఫీసుకు ఫోను చేసినప్పుడు "అమ్మకాలకు ఒకటి, మరమ్మతులకు రెండు నొక్కండి" అన్నది నేను కాదు, రికార్డు చేసిన నా గొంతు. ఆఫీసులో గదికో నంబరు అమర్చి, ఆ మాటలు నా గొంతుతోనే పెట్టాను. మీరు ఏదీ నొక్కలేదు కాబట్టి మీ తిట్లన్నీ ఫిర్యాదుల్లో రికార్డయ్యాయి.

మర్నాడు మేనేజరుగారు వాటిని అందరి ముందూ వినిపించారు. "ఏమే, కన్నతండ్రిని పట్టుకుని ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటావా? ఇందుకేనా నిన్ను చదివించింది?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం, "న్యాయమైన ఫిర్యాదమ్మా. నువ్వే వెళ్లి పరిష్కరించి రా" అని మూడు రోజులు సెలవిచ్చారు.

అమ్మ కళ్లజోడు బాగుచేయించారా? తమ్ముణ్ణి నా మంచం ఖాళీ చేయమనండి. శుక్రవారం పొద్దున్నే దిగుతాను. తిట్లు ఇంకా మిగిలుంటే ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టండి.

మీ పెద్దమ్మాయి