ఆల్గాల్ ఆ రోజు తగ్గలేదు

ఏలూరు,
ఆదివారం.

ప్రియమైన అక్కకి,

నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న వేళకి తింటున్నారా? మబ్బు పట్టిన రోజుల్లో చెరువులో చేపలు ఇంకా పైకి తేలుతున్నాయా?

ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్లో పెడుతుంది, నాన్న వింటారు. అందుకే చేపలకి ఐస్ కోసం ఇక్కడికొచ్చిన గోపీ బాబాయి చేత ఈ కవరు పంపుతున్నాను. నీ చేతికే ఇమ్మన్నాను. చదివాక చింపెయ్యి.

పిన్ని బాగా చూసుకుంటోంది. నిజంగానే. అడక్కుండానే చేపల పులుసు పెడుతుంది. కాలేజీలో మాత్రం నాకింకా ఎవరూ దొరకలేదు. సాయంత్రం మేడెక్కి కూర్చుంటాను. ఎదురుగా బట్టల షాపు బోర్డు వెలుగుతూ ఉంటుంది. ఆకాశం చీకటి పడ్డాక కూడా ఎర్రగానే ఉంటుంది. మన మండవల్లిలో కనిపించే చుక్కలు ఇక్కడ లేవు. చలిగా ఉంటోంది, నా పాత స్వెట్టర్ పంపు.

మా ఫిజిక్స్ మేడమ్ ఆల్గాల్ అనే నక్షత్రం గురించి చెప్పారు. చూడ్డానికి ఒకటే, నిజానికి మూడట. వాటిలో మసగ్గా ఉండేది మూడేసి రోజులకోసారి వెలుగుదానికి అడ్డం వస్తుంది. కొన్ని గంటలు ఆల్గాల్ బాగా తగ్గిపోయి మళ్ళీ మామూలవుతుంది. ఇన్ని లైట్లలోనూ ఫోన్‌తో తీయొచ్చన్నారు. పిట్టగోడ మీద ఇటుకల మధ్య ఫోన్ నిలబెట్టి వరసగా బోలెడు ఫోటోలు తీస్తాను. యాప్‌లో అన్నీ కలిపితే ఆ ఎరుపు తగ్గి చుక్కలు బయటపడతాయి. పిన్నికి మాత్రం చదువుకుంటున్నానని చెప్పాను.

పోయిన వారం ఆల్గాల్ నాకు కనిపించలేదు. తగ్గే రోజు దొరికిందని ఎంత సంతోషపడ్డానో. బట్టలు తీయడానికి పిన్ని కూతురు లహరి పైకొస్తే, చూడు ఎలా తగ్గిపోయిందో అన్నాను.

“అదేగా? పక్క చుక్కంత వెలుగుంది కదక్కా. నీకు కనపడట్లేదా?” అంది.

నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. కిందికొచ్చి ఫోటోలు కలిపాను. లహరి చెప్పినట్టే ఉంది. మేడమ్ ఇచ్చిన టైములు చూస్తే, ఆ రోజు అసలు తగ్గాల్సిన రోజే కాదు. మర్నాడు మళ్ళీ ఎక్కాను. పక్కదీ కనిపించలేదు. మెట్లు దిగుతుంటే నా చెయ్యి గోడ మీద ఉంది. ఎప్పట్నించి గోడ పట్టుకుని దిగుతున్నానో గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు.

నాన్నకి చీకట్లో గట్టు కనపడక షెడ్డు నుంచి తూము దాకా మనం తాడు కట్టాం కదా. అప్పుడు డాక్టరు గారు అమ్మని, “మీది మేనరికమాండీ? అయితే పిల్లల్ని కూడా ఒకసారి తీసుకురండి” అన్నారు. అమ్మ తీసుకెళ్ళలేదు. మందు లేనిదానికి తెలుసుకుని ఏం చేస్తాం అంది. అప్పుడు అమ్మ మీద చాలా కోపమొచ్చింది. ఇప్పుడు నేనూ అదే అనుకుంటున్నాను.

నిన్న ఆల్గాల్ నిజంగానే తగ్గింది. ఫోటోలో పక్కదాని ముందు ఎంత చిన్నగా ఉందో. మేడమ్‌కి పంపితే చాలా బాగా తీశావు, రేపు క్లాసులో చూపిస్తాను అన్నారు. బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. నేను చూడనిదాన్ని బాగా తీశానంటున్నారు.

హాస్పిటల్‌కి వెళ్ళమని మాత్రం అనకు. పిన్నికి తెలిస్తే ఇంటికి పంపేస్తారు. అక్కడ ఇంకా చీకటి. నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా? నాతో అబద్ధమాడకు.

తాతయ్యకి నా నమస్కారాలు. నేను బాగా చదువుతున్నానని అమ్మకి చెప్పు, చాలాసార్లు చెప్పు. ఇంకొక్క పని చెయ్యక్కా. నాన్న సరదాగా ఉన్నప్పుడు, ఊరికే అడిగినట్టు, చీకట్లో కనపడకపోవడం మొదలైనప్పుడు ఆయన వయసెంతో అడుగు. నా వయసు కంటే ఎక్కువ చెప్తే నాకు రాయకు.

నీ దీవెనలు కోరే
చెల్లి,
శ్రావణి