పచ్చిగా దించిన పిక్కలు

పలాస,
ఆదివారం, 1968.

అమ్మకు, నీ కొడుకు పాపారావు దణ్ణం పెట్టి రాస్తున్నాను. నేను వేళకు తిని తిరుగుతున్నాను. హరిశ్చంద్రపురంలో నువ్వూ చెల్లి కామాక్షీ బాగున్నారనుకుంటాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. బట్టీ పొగ తగ్గదు గనుక మళ్ళీ వస్తుంది. దుప్పటి అందింది. బైబిలు వాక్యం చదవడానికని ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నావు. వాటితో రాసిన మొదటి ఉత్తరంలోనే నన్ను తిట్టావు. తిట్టవలసిందే.

చర్చిలో బోధకుడి మీద తిరగబడ్డానని విన్నావు. నిజమే. మా జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే సరోజిని అక్క ఉంది కదా, నా పక్క గదిలో ఉంటుంది. కిందటి నెల పిక్క కొడుతుంటే పెంకులోని జీడి, ఆ ఒళ్ళు కాల్చే రసం, చిమ్మి ఆమె ఎడమ కంట్లో పడింది. ఆ ఆదివారం కంటికి గుడ్డ కట్టుకొని వచ్చి ముందు కూర్చుంది. బోధకుడు ధర్మారావు గారు బోధించడం మొదలుపెట్టాడు. బంగారాన్ని పుటం పెట్టినట్టు దేవుడు తనవాళ్ళను కాలుస్తాడన్నాడు. కన్న కుమారుణ్ణే సిలువకు అప్పగించినవాడికి మన నొప్పి తెలియదా అన్నాడు. నేను లేచాను.

“అయ్యా, బట్టీ కాడ రోజూ కాల్చేవోణ్ణి నాను. కాలిస్తే మసైపోతాది. ఆ మడిసి కన్నుతో ఆయనికేటి పని? ఆపగలిగీ ఆపనేదంటే మా మేస్త్రీ కంటే ఆయన ఏటి ఎక్కువ?”

వెనక ఎవరో నవ్వారు. ఆయన కోప్పడలేదు. “దేవుడు మనిషిని మరబొమ్మలా చెయ్యలేదు, పాపారావూ. మంచీ చెడూ ఎంచుకొనే ఇష్టం మనకే ఇచ్చాడు. ఆ ఇష్టంతో ఒకడు చేసింది ఇంకొకరు అనుభవిస్తారు” అన్నాడు.

అంతవరకూ నా కోపం నిజమైనదే. ఆ మాట విన్నాక మాత్రం ఆయన నోరు మూయించాలనే అరిచాను. మూయించాను. బయటికొచ్చాక “బాగా అడిగినావు బావా” అని నలుగురు నా భుజం తట్టారు.

ఇక్కడిదాకా నీకు ఎవరో చెప్పి ఉంటారు. మిగతాది నేనే చెప్పాలి.

ఆ పిక్కలు వేపింది నేనే. బాగా వేపితే జీడి కారిపోతుంది, కొట్టే ఆడవాళ్ళ చేతులు బతుకుతాయి. కానీ పప్పు ఎరుపెక్కుతుంది, ధర పడిపోతుంది. కొంచెం ముందు దించితే పప్పు తెల్లగా ఉంటుంది, జీడి పెంకులోనే మిగిలిపోతుంది. ముందే దించమని మేస్త్రీ ఢిల్లీరావు అనేవాడు. బెదిరించలేదమ్మా, మెచ్చుకున్నాడు. పాపారావు వేపిన పప్పు మల్లెపువ్వులా ఉంటుందన్నాడు. అంతకే పడిపోయాను.

కంట్లో జీడి పడిన ఆ పొద్దున సరోజిని అక్క ఒక పిక్క కొట్టి చూసి నా దగ్గరికొచ్చింది.

“పచ్చిగున్నాయిరా తమ్ముడా. మల్లీ బట్టీ ఎక్కించు.”

“మారాణీ గారి సేతులు కందిపోతాయేటి? ఇంకాస్త బూడిద రాసుకో.”

కొట్టే ముందు వాళ్ళు చేతులకు బూడిద రాసుకుంటారు. కంటికి ఏం రాసుకుంటారు?

మెప్పు కోసం కావాలనే పచ్చిగా దించానని తరవాతైనా ఆమెకు చెప్పలేదు. ఆమె ఆస్పత్రికి వెళ్ళనంది. ఎప్పుడో అత్తను తిట్టిన పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది, ఓర్చుకోవాలంది. ఉపవాసాలుండి, క్షమించు తండ్రీ అని ఏడ్చేది. మా గదులకు మధ్య గోడ ఒక్కటే. నాకు అంతా వినబడేది. దేవుడు ఎందుకు ఊరుకున్నాడో నాకిప్పటికీ తెలియదు, ధర్మారావు గారి జవాబులు ఇప్పటికీ మింగుడుపడవు. నేనెందుకు ఊరుకున్నానో తెలుసు. భుజం తట్టినవాళ్ళ ముందు వెధవనవుతానని.

మొన్న ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాను. ఒంటి కన్నుతో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగింది. తిట్టలేదు.

“నన్ను డాక్టరు కాడికి తీసుకెల్లు” అంది.

టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మొదట్లోనే తేవలసింది, ఇక ఆ కంటికి చూపు రాదన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో నేను ఆమెకు ఎడమవైపు, కనబడని వైపు కూర్చున్నాను. చాలా దూరం వచ్చాక అంది:

“పచ్చి పిక్కలు దించినావు, సరే. నాను సెయ్యని తప్పుకి ఇన్నాల్లూ దేవుడి కాల్లట్టుకుని ఏడుత్తంటే, గోడవతల కూకుని ఇన్నావు. కన్ను పోయినదానికంటే అదే ఎక్కువరా నాకు.”

దిగేటప్పుడు చెయ్యి అందించాను. పట్టుకోలేదు.

నువ్వు వస్తానని రాశావు. వస్తే ముందు ఆమె గదికి వెళ్ళు. నా గదికి తరవాత రావచ్చు, రాకపోయినా ఏమీ అనుకోను.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని కొడుకు,
పాపారావు.