నీ పేరు రాసిన ట్యూబు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏ మందుకూ లొంగని నీ కాలిపుండులోని బ్యాక్టీరియాను కర్నూలు ల్యాబులో నేనే పెంచుతున్నాను. ట్యూబు మీద నంబరుకు బదులు పొరపాటున నీ పేరు రాశాను.

మంత్రాలయం ఏటినీళ్లలో దాన్ని చంపే వైరస్ దొరికింది. ట్యూబులోంచి కొంచెం బ్యాక్టీరియా తీసి, దాని మీద ఆ వైరస్‌ను వదిలాం. ఈ రోజు మైక్రోస్కోపు ఫోటో వచ్చింది. ప్రోటీనుతో కట్టిన వైరస్ తల, లోపలున్న డీఎన్ఏను బ్యాక్టీరియాలోకి ఎక్కించేసి ఖాళీ అయిపోయింది. ప్రోటీను కాళ్లు మాత్రం చచ్చిన బ్యాక్టీరియాను ఇంకా పట్టుకునే ఉన్నాయి.

"పనైపాయ గదమ్మా, ఇంగ ఆ ట్యూబు ఎందుకు? పారేయ్," అన్నాడు సారు.

"శానా దినాల నుంచి ఉండాది సార్, ఉండనీండి."

నువ్వైతే ఛీ అంటావు. నీ ఒంట్లోంచి వచ్చి ఇంకా బతికున్నది అదొక్కటే. దానికి మళ్లీ తిండి వేసి, వెచ్చగా పెట్టి వచ్చాను.