పాసైన నా కుమార్తెను ఫెయిలు చేయించు విషయమై

తుమ్మపాల,
తేది 16-6-2004.

అనకాపల్లి విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, తుమ్మపాల కాపురస్థుడు, బెల్లం మార్కెట్టులో కాటా గుమస్తా, సంఘ పెద్ద అయిన కె. యేసుదానం వ్రాయించి పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె రోజలిన్ పదో తరగతి పాసైనట్లు వచ్చిన మార్కుల మెమోను కాలేజీ చేరికల గడువు ముగియువరకు ఆపించి, ఫెయిలైనట్లు ఒక కాగితము ఇప్పించుట గురించి.

1. మా సంఘములో ఏటా పరీక్షలకు ముందటి ఆదివారము పదో తరగతి పిల్లలందరు తమ హాల్‌టికెట్లు, పెన్నులు మందిరములోని బల్లపై పెట్టుదురు. పాస్టరు అయ్యగారు వాటిపై నూనె చిలకరించి, ప్రార్థన చేసి, పిల్లలను పిలిచి చేతికిచ్చెదరు. ఈ మార్చిలో నా కుమార్తె చేతికి వచ్చిన హాల్‌టికెట్టు నంబరును నేను స్వయముగా నా బైబిలు మొదటి పేజీలో వ్రాసుకొంటిని. పేరు చూడలేదు. ప్రార్థన చేసి ఇచ్చిన కాగితముమీద పేరు సరిచూచుకొనుట ఏమి మర్యాద? అంకె మాత్రము తప్పు వ్రాయలేదు. ఇరవై ఏళ్లుగా కాటా అంకెలు చూచుచున్నవాడను.

2. మే నెలలో పాసైనవారి నంబర్లు పేపరులో పడగా, బైబిలులోని నంబరు అందులో లేదు. "అది నా నంబరు కాదు నాన్నా, సుజిది. ఆ రోజు మందిరంలో మారిపోనాయి. మర్నాడు బళ్లో మార్సుకున్నాం" అని నా కుమార్తె చెప్పినది. సుజి అనగా మా సంఘములోనిదే, అదే క్లాసు పిల్ల. ఫెయిలైన పిల్ల ఏదో ఒకటి చెప్పును గదా. బైబిలులో ఉన్న నంబరు అబద్ధమా అని అడిగితిని. బెల్టుతో మొదలుపెట్టి, అది తెగిన పిమ్మట చేతితో కొట్టితిని. జడ కత్తిరించితిని. పుస్తకములు పాత పేపర్లవాడికి అమ్మివేసితిని.

3. ఆ వచ్చిన ఆదివారము ఆమెను సంఘము ముందు నిలబెట్టి, "టీవీ చూసి ఫెయిలయ్యాను" అని సాక్ష్యము చెప్పించితిని. వాస్తవమునకు మా ఇంట టీవీ లేదు. పక్కింట చూచి యుండవచ్చును. అయ్యగారు దానిమీద వరుసగా మూడు ఆదివారములు ప్రసంగించిరి. "పెంపకమంటే యేసుదానం పెంపకమే" అని నలుగురూ మెచ్చుకొనిరి. సాక్ష్యము చెప్పిన మరునాటినుండి ఆమెను జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పనికి పెట్టితిని.

4. ఇట్లుండగా ఈ నెల 7వ తేదీ హెడ్మాస్టరు గారు కబురంపి, రోజలిన్‌కు ఆరు వందలకు 487 వచ్చినవి, ఫస్టుక్లాసు, బడిలో రెండో స్థానము, వచ్చి సంతకము చేసి మెమో పట్టుకుపొమ్మనిరి. నేనేటి పిచ్చోడినా అయ్యా? ఊరందరి ముందు ఫెయిలని సెప్పిన నోటితో పాసని ఎలా సెప్పమంటారు? తప్పయిపోనాదమ్మా అని కన్నకూతురి ముందు నిలబడాలా నేను? అయ్యగారి మూడు ప్రసంగములు ఏమి కావలెను? ఇది నా ఒక్కడి పరువు కాదు, సంఘము పరువని తమరు గ్రహింపవలెను.

5. నా భార్య కాసులమ్మ ఈ విషయములో సహకరించుట లేదు. "జడ కోసీసేవు, ఒళ్లు హూనం సేసేవు. పిల్ల పాసయింది, ఇంకేటి కావాలి నీకు? దాన్నొగ్గెయ్ మావా" అని అన్నము మానివేసినది. రెండు రోజుల తరువాత మరల తినుచున్నది.

6. జూనియర్ కాలేజీలో చేరుటకు ఆఖరు తేదీ ఈ నెల 30. మెమో లేనిదే చేర్చుకొనరని విచారించి తెలుసుకొంటిని.

కావున తమరు ఈ నా మొర చిత్తగించి, 30వ తేదీ దాటువరకు మెమో ఇవ్వకుండునట్లు హెడ్మాస్టరు గారికి ఉత్తరువు చేసి, సంఘములో చదువుటకు వీలుగా ఫెయిలు కాగితము సీలుతో దయచేయ ప్రార్థన. ఒక్క సబ్జెక్టు ఫెయిలైనా చాలును.

ఇంట్లో క్రమశిక్షణ వలన నా కుడి మణికట్టు వాచి కలము పట్టనీయనందున, ఈ అర్జీ నా కుమార్తె చేతనే వ్రాయించి వేలిముద్ర వేయుచున్నాను. జీడి అంటి ఆమె వేళ్లు పొక్కియున్నవి. అక్షరములు వంకరగా ఉన్నచో మన్నింపవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
(ఎడమ బొటనవేలి ముద్ర)
కె. యేసుదానం

తా.క.: అయ్యా, నేను రోజలిన్‌ని. నాన్న వేలిముద్ర ఏసి మార్కెట్టుకి ఎల్లిపోనాడు. కవరు అంటించి పోస్టులో ఎయ్యమన్నాడు. పైన ఆయన సెప్పినట్టే రాసేను, ఒక్క ముక్క కూడా మార్సలేదు. పేపర్లో నంబరు లేదని ఒక్కరోజే కొట్టేడు. పాసయ్యేనని తెలిసిన కాడి నుంచి రోజూ కొడతన్నాడు. కొడితే కొట్టనీండి. నా మెమో మాత్రం ఆపకండి బాబూ, మీకు దండం పెడతాను. ముప్పయ్యో తారీకులోగా అమ్మని తీసుకుని నేనే మీ ఆఫీసుకి వత్తాను. ఇంటికి మాత్రం జవాబు రాయకండి. ఆయనకి సదవడం బాగా వచ్చు.