వేడినీళ్ళలో సైకిలు

మామయ్యకి,

నీ మేనకోడలు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా కొలిమీ బాగానే ఉన్నాం. ఫోనులో నువ్వు "ఆఁ ఆఁ" అనడమే తప్ప ఏదీ వినవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

ఈ పార్సిల్లో ఉన్నది కళ్ళజోడు. నువ్వు కుట్టుమిషను ముందు కుర్చీలో పెట్టి, దానిమీదే కూర్చుని ఎన్ని జోళ్ళు వంకర చేశావో అత్తయ్య చెప్పింది. మా లాబ్‌లో ఈమధ్య ఒక కొత్త లోహం తయారుచేశాం. దానికి జ్ఞాపకం ఉంటుంది. ఇలాంటివి ఇదివరకూ ఉన్నాయి గానీ, మాటిమాటికీ వంచితే అలిసిపోయి పుటుక్కుమనేవి. మాది అంత తొందరగా అలిసిపోదు. ఆ తీగతోనే నీ ఫ్రేము చేయించాను. వంకరపోతే వేడినీళ్ళలో ముంచు, దానికి అన్నీ గుర్తొస్తాయి.

నీ మేనకోడలు

తా.క.: అద్దాలకి మాత్రం జ్ఞాపకం లేదు. వాటిమీద కూర్చోకు.

*

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవించి రాయునది. మేం కులాసా. నువ్వు కూడా కులాసా అనుకుంటాను, లేకపోతే ఇంత పని చేసేదానివి కాదు.

జోడు అందింది. ముక్కుమీద ఉన్నట్టే లేదు. కానీ జ్ఞాపకం ఉన్నదాన్ని పంపేముందు ఒక మాట అడగాల్సింది. నేను నోరు మూసుకుని ఉండే మనిషినా? ఒకరి కొలతలు తీస్తూ ఇంకొకరి నడుము గురించి మాట్లాడటం మా వృత్తిధర్మం. నువ్వేమో సాక్షిని తెచ్చి ముక్కుమీదే కూర్చోబెట్టావు. అందుకని జోడు పెట్టుకున్నంతసేపూ మాట్లాడటం మానేశాను. నాకేదో అయిందని మీ అత్తయ్య డాక్టర్ని పిలిచింది. ఆయన నాలుక చాపమంటే చాపాను గానీ, ఒక్క ముక్క మాట్లాడలేదు.

అసలు భయం వేరే ఉంది. మీ అత్తయ్య తమ్ముడి గురించి జోడు వచ్చిన మొదటిరోజే ఒక మాటన్నాను. ఇంట్లో పొద్దున్నే స్నానానికి నీళ్ళు కాగుతాయి. జోడు పొరపాటున అందులో పడి, దానికి అన్నీ గుర్తొస్తే నా గతేమిటి? దీనికి ఎంత వెనకటి మాటలు గుర్తుంటాయో వెంటనే రాయి.

మామయ్య

తా.క.: ఈ ఉత్తరం జోడు తీసేసి రాస్తున్నాను. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కింది అందుకే.

*

మామయ్యకి,

నవ్వాపుకోలేక బల్లమీద తల పెట్టుకుని రాస్తున్న మేనకోడలి దండాలు.

మాటలు కాదు మామయ్యా, ఆకారం. ముందు తీగని అచ్చులో బిగించి కొలిమిలో బాగా కాలుస్తాం. అప్పుడు ఏ ఆకారంలో ఉందో అదొక్కటే దానికి గుర్తు. తర్వాత ఎలా వంచినా, వేడి తగలగానే మళ్ళీ అలాగే అవుతుంది. దానికి చెవుల్లేవు, నోరు లేదు. హాయిగా మాట్లాడుకో.

నీ మేనకోడలు

తా.క.: అత్తయ్య తమ్ముడి గురించి ఏమన్నావో నాకు మాత్రం రాయి.

*

చిరంజీవి మేనకోడలికి,

బతికించావు. అన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ ఒక్కపూటలో మాట్లాడేశాను. గొంతు పట్టేసింది. డాక్టరు మళ్ళీ వచ్చాడు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. నా ముక్కు కాస్త పక్కకి తిరిగి ఉంటుందని నీకు తెలుసుగా. నీ జోడు తిన్నగా ఉంటుంది. అందుకని దాన్ని నా మొహానికి సరిపోయేలా వంచుకున్నాను. మొన్న ప్యాంటు మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తుంటే ఆవిరి గుప్పున కొట్టింది. జోడుకి నీ అచ్చు గుర్తొచ్చినట్టుంది, నిటారుగా లేచి నా మొహం మీంచి ఎగిరి ప్యాంటు మీద పడింది.

అప్పుడు షాపులో మా వీధి లెక్కల మేస్టారు ఉన్నారు. ఆయనకి కొన్నాళ్ళుగా మతిమరుపు. ఎవరినీ పోల్చుకోవడం లేదు. వాళ్ళావిడే చెయ్యి పట్టుకుని తిప్పుతుంది. జోడు ఎగరగానే ఆయన పకపకా నవ్వారు. ఇదేమిటని ఆవిడ అడిగితే, జ్ఞాపకం ఉన్న లోహమనీ, మా మేనకోడలే చేసిందనీ గొప్పగా చెప్పాను.

మర్నాడు ఆవిడ ఒంటరిగా వచ్చింది. మేస్టారికి ఆ తీగ కాస్త కావాలంది. ఎంత కావాలంటే అంత తెప్పిస్తానన్నాను. నా నోటికి హద్దేముంది? ఆవిడ వెళ్ళాక గానీ నాకు వెలగలేదు. పాపం, అది మతిమరుపుకి మందనుకున్నట్టుంది. తీగ ఏ ఆకారంలో ఉండాలో కూడా సైకిలు బొమ్మ గీసి ఇచ్చింది. సైకిలుకీ మెదడుకీ సంబంధం ఏమిటో నాకు తెలియదు. ఎవరో తాయెత్తులవాడు చెప్పి ఉంటాడు. ఆ బొమ్మ ఇందులో పెడుతున్నాను. నువ్వే గట్టెక్కించాలి.

మామయ్య

తా.క.: మీ అత్తయ్య కూడా ఒక గజం తీగ కావాలంది. ఎవరికోసమో అడగలేదు.

*

మామయ్యకి,

దండాలు. నీ ఉత్తరం చదివినప్పటినుంచి మనసు మనసులో లేదు.

ఆ లోహం మనుషుల మతిమరుపుకి ఏమీ చెయ్యలేదు. చెయ్యగలిగితే ముందు మా లాబ్ పెద్దాయనకే చేసేది. ఇన్నేళ్ళుగా ఈ తీగనే పట్టుకుని తిరుగుతున్నాడు, రోజూ గొడుగు మర్చిపోయి వెళతాడు.

ఇది ఎవరికి పనికొస్తుందని మొన్న మా లాబ్‌కి డబ్బులిచ్చే కమిటీవాళ్ళు అడిగారు. యంత్రాలకీ, ఆపరేషన్లకీ అని గడగడా చెప్పాను. మేస్టారి భార్య అడిగినదానికి ఆ జాబితాలో చోటే లేదు. బొమ్మ చూసి సైకిలు చేశాను, పంపుతున్నాను. కానీ నిజం చెప్పకుండా ఆవిడ చేతిలో పెట్టకు. లేని ఆశ పెట్టడం పాపం మామయ్యా.

నీ మేనకోడలు

తా.క.: కమిటీలో ఒకాయన తీగని వంచి, మర్చిపోయి జేబులో వేసుకున్నాడు. వేడి టీ ఒలికిందట. ఇప్పుడు ఆ జేబు నీలాంటివాడే కుట్టాలి.

*

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవించి రాయునది.

తీగ జేబులో పెట్టుకుని మేస్టారింటికి వెళ్ళాను. దారిపొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను గానీ గుమ్మంలోకి వెళ్ళేసరికి అన్నీ ఎగిరిపోయాయి. మేస్టారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆయన చొక్కాకి గుండీలు పెడుతోంది. చివరికి, ఇది మందు కాదు అక్కగారూ, నన్ను క్షమించండి అన్నాను.

ఆవిడ గుండీ పెట్టడం ఆపలేదు. "తీగతో మతిమరుపు పోదని నాకు తెలీదా తమ్ముడూ? మర్చిపోతున్నది ఆయన, నేను కాదు" అంది.

మరెందుకు అడిగారన్నాను. మీ షాపులో ఆయన నవ్వారు కదా, ఆ నవ్వు విని చాలాకాలమైంది అంది. పెళ్ళయిన కొత్తలో ఆయన సైకిలు వెనక ఆవిడని కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవారట. పాత ఫొటోలు చూపిస్తే ఎవరు ఎవరో చెప్పమని పరీక్ష పెడుతున్నట్టు భయపడిపోతారట. తీగ ఏదీ అడగదు కదా అంది.

గిన్నెలో వేడినీళ్ళు తెచ్చింది. నీ సైకిలుని ఉండలా నలిపేసి అందులో వేసింది. అది విప్పుకుంటూ, చక్రం చక్రంగా తేరుకుంటూ సైకిలై కూర్చుంది. మేస్టారు చప్పట్లు కొట్టి నవ్వారు. ఇప్పుడు రోజూ పొద్దున్న అదే పని. రోజూ ఆయనకి అది మొదటిసారే. ఒకే వింతకి రోజూ అంత సంతోషం, నీకూ నాకూ రాసిపెట్టి లేదు.

మీ కమిటీవాళ్ళకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. తీగ తొందరగా అలిసిపోదన్నావే, ఆవిడకి కావలసింది అదే.

మామయ్య

తా.క.: ఇవాళ కూడా వెళ్ళాను. సైకిలు చూసి నవ్వాక మేస్టారు ఆవిడ వైపు తిరిగి, "మీ ఆయన అదృష్టవంతుడమ్మా. మీరాయనకి రోజూ ఇలాంటివి చూపిస్తారు కాబోలు" అన్నారు. ఆవిడ ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ, "చూపిస్తానండీ. నన్ను సైకిలు మీద ఊరంతా తిప్పారుగా" అంది.