ఈల వినపడని రాత్రి

మంగళవారం, పాశమైలారం

ఇవాళ ఫ్యాక్టరీలో ఏటా చేసే చెవుల పరీక్ష. బీప్ వినగానే బటన్ నొక్కమన్నారు. ఎంతసేపటికీ ఏమీ వినపడకపోతే మిషనే పాడైందనుకున్నాను. డాక్టర్ మొహం చూశాక అర్థమైంది, బీప్‌లు వస్తూనే ఉన్నాయని.

ఇంటికి రాగానే నాకిష్టమైన పాత జర్మన్ పాట పెట్టాను, ఫ్యాక్టరీ చప్పుళ్లతో కట్టే 'ఇండస్ట్రియల్' సంగీతం. రేకుల మీద సుత్తి దెబ్బలు, వాటి వెనక సింథసైజర్ తీసే సన్నని ఈల. కాలేజీ రోజుల్లో ఆ ఈలకే కదా నేను పడిపోయింది! సుత్తులు వినపడ్డాయి. ఈల లేదు.

సుజాతను పిలిచి, ఈల వస్తోందా అని అడిగాను. పెళ్లయిననాటి నుంచీ ఈ సంగీతం ఆమెకు గిట్టదు.

"వస్తలేదా ఏంది? చెవుల సూది గుచ్చినట్టైతుంది. జెర బంద్ చెయ్యరాదు!"

ఫ్యాక్టరీలో రేకులను అచ్చుల్లో కొట్టే ప్రెస్ షాపులో, మోత తగలకుండా అందరూ చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటే నేను తీసి జేబులో వేసుకునేవాణ్ని. పెద్ద ప్రెస్ దెబ్బల్లో నాకు ఆ పాటల తాళమే వినపడేది. రోజూ కచేరీకి వెళ్తున్నట్టే ఉండేది.

రేపు మళ్లీ అదే ప్రెస్ మీద డ్యూటీ. ప్లగ్గులు పెట్టుకోవాలి. ఇంకా ఏం మిగిలిందని...

ఆ ఈల ఇక ఈ ఇంట్లో వినపడేది, అదంటే గిట్టని మనిషి ఒక్కదానికే.